మేము తప్పించుకొని నడిచిన వీధి



"పాస్టరుగారికి ఆదివారం ఒక్కరోజే గదా పని, మిగిలిన ఆరు రోజులు ఏం చేస్తారు?" అని ఒకసారి బస్సులో ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలియక అడిగాడు. ఆనాడు నవ్వి ఊరుకున్నాము. ఈమధ్య ఒక వేసవిలో, ఈస్టరు పండుగ గడిచిన మరుసటి ఆదివారం మొదలుకొని ఏడు రోజులు మా ఊరిలో జరిగిన సంగతులు వ్రాస్తే అదే ఆయనకు జవాబు అవుతుందని ఇప్పుడు అనిపిస్తున్నది. ఇందులో గొప్ప సంగతులేమీ లేవు. ఒక విరిగిన బెంచీ, ఒక ఫ్లాస్కు, ఒక బాకీ, ఇద్దరు స్నేహితులు ఉన్నారు. మా తప్పు ఒకటి కూడా ఉన్నది. దానిని దాచిపెట్టి మిగిలినది వ్రాయడానికి మనస్సాక్షి ఒప్పుకోలేదు.

మా ఊరు మార్కాపురం. పడమట నల్లమల కొండలు, ఊరి నడుమ చెన్నకేశవస్వామి గుడి, చుట్టూ మెట్ట పొలాలు. రైలు దిగినవారు ఊళ్ళోకి రావాలంటే మళ్ళీ ఆటో ఎక్కవలసిందే. అన్నిటికంటే మా ఊరికి పేరు తెచ్చింది పలకలు. మీలో నడివయసు దాటినవారు చిన్ననాడు అ, ఆలు దిద్దిన పలక బహుశా మా నేలలో తీసిన రాయే అయి ఉంటుంది. ఇప్పుడు బడిపిల్లల చేతిలో నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. మా పలకరాయేమో పెద్ద పెద్ద ఇళ్ళ గోడలకు, నేలకు పరిచే రంగురంగుల బిళ్ళలై దూరదేశాలకు పోతున్నది. రాయి ఉన్నది, పని ఉన్నది. పలకలు చేసిన చేతులు మాత్రం ముసలివైపోయాయి. మేము ఈ సంఘానికి వచ్చి ఆరేళ్ళయింది.

ఆదివారం ఆరాధనకు ఎప్పటిలాగే పల్లెల నుంచి విశ్వాసులు ఆటోలలోను, మోటారు సైకిళ్ళ మీదను వచ్చారు. మందిరంలో ఎవరి చోటు వారికి ఉంటుంది. ఎవరూ రాసిపెట్టలేదు గాని అందరికీ తెలుసు. మూడవ వరుసలో కిటికీ పక్క బెంచీ మా సంఘ పెద్దది. ఆ ఉదయం ఆయన రాలేదు. ఆయన చోటు ఖాళీగా ఉన్నదని నలుగురు పిల్లలు ఎక్కి కూర్చున్నారు. ప్రసంగం మధ్యలో టప్పున బెంచీ కాలు విరిగింది. పిల్లలు కిందపడి నవ్వారు, పెద్దలు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ నవ్వులో మా ప్రసంగంలోని రెండవ అంశం కొట్టుకుపోయింది.

ఆరాధన అయిన తరువాత వేపచెట్టు కింద నిలబడి బెంచీ సంగతి మాట్లాడుకున్నాము. "నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కొందాం అయ్యగారూ" అన్నాడు ఒక యువకుడు. పొగాకు గ్రేడింగుకు కూలికిపోయే ఒక అవ్వ వెంటనే అన్నది: "చేసినాయన బతికుండగా కుర్చీలెందుకయ్యా? ఆయన్నే పిలవండి." అంతే, మాటలు ఆగిపోయాయి. అందరూ ఒక్కసారి మా ముఖంలోకి చూసి మళ్ళీ నేలవైపు చూశారు. ఆ బెంచీలు చేసిన వడ్రంగి ఒక సాయిబుగారు. రెండేళ్ళుగా ఆయన మాట మా ఎదుట ఎవరూ ఎత్తడం లేదు. ఎందుకో ముందుకు చెబుతాము.

సోమవారం పాస్టర్లకు సెలవు దినం అంటారు. మా వీధిలో ఆ వారం సోమవారం నీళ్ళ ట్యాంకరు వచ్చే దినం. మా ప్రాంతంలో చాలాచోట్ల బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. అందుచేత తాగడానికి శుద్ధిచేసిన నీళ్ళ క్యాను కొంటాము, వాడకానికి ట్యాంకరు కోసం కాచుకుంటాము. తెల్లవారకముందే వీధిలో బిందెలు, డ్రమ్ములు వరుస కడతాయి. మా ఎదురింటి పంతులమ్మగారు, ఉద్యోగ విరమణ చేసి పదేళ్ళయింది, తన బిందెలతోపాటు మావి రెండు కూడా వరుసలో పెడతారు. మేము ఆలస్యంగా వచ్చి మొహమాటపడితే ఆమె ఒకటే మాట అంటారు: "వరుసలో మీ బిందె ఉంటే మీరున్నట్టే. మొన్న మా ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు మా ఇంటి ముందు మీరు లేరా?"

చిన్న ఊరి స్నేహాలు ఇలాగే ఉంటాయి. ఎవరూ ఎవరికీ స్నేహితులమని చెప్పుకోరు. ఒకరి బిందె ఒకరు పెడతారు. ఒకరి పిల్లవాడు పరీక్షకు పోతుంటే ఇంకొకరు బండి ఎక్కించుకుంటారు. చింతపండు కొట్టినప్పుడు ఒక ముద్ద, ములగచెట్టు కాసినప్పుడు నాలుగు కాడలు గోడమీద నుంచి ఇటు వస్తాయి. మన గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగిపోదు. ఒకరికొకరం ఎప్పుడూ కొంత బాకీ ఉంటాము. బాకీ పూర్తిగా తీరిపోతే ఆ రాకపోకలే ఉండవేమో.

ఆ ఉదయమే పంతులమ్మగారు "మీ పెద్దాయన కనబడ్డం లేదే, ఒంట్లో బాగుందా?" అని అడిగారు. సాయంత్రం పెద్దాయన ఇంటికి ఫోను చేశాము. "కొంచెం ఆయాసం అయ్యగారూ, తగ్గుతుందిలే" అన్నది ఆయన భార్య. సరే తగ్గుతుందిలే అనుకొని ఫోను పెట్టేశాము. ఇల్లు నడిచిపోయే దూరమే. వెళ్ళి చూడవలసింది, వెళ్ళలేదు.

మంగళవారం బెంచీ సంగతి తేల్చక తప్పలేదు. ఊళ్ళో ఇంకా వడ్రంగులు లేక కాదు. ఆ అవ్వ మాట రాత్రంతా మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. ఉదయం పది గంటలకు సాయిబుగారి కొట్టుకు నడిచాము. ఆ వీధిలో అడుగుపెట్టి రెండేళ్ళయింది.

ఇక్కడ జరిగిన కథ చెప్పాలి. మా సంఘ పెద్ద, ఈ సాయిబుగారు నలభై ఏళ్ళ స్నేహితులు. ఈయన పలకరాయి చీల్చేవాడు, ఆయన పలకలకు కొయ్య చట్రాలు బిగించేవాడు. పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి ఎక్కడ ఆనించాలో తెలిసినవాడు చిన్నదెబ్బ కొడితే పలుచగా, నున్నగా విడిపోతుంది. తెలియనివాడు గట్టిగా కొడితే ముక్కలవుతుంది. ఒకరు చీల్చిన రాయి ఇంకొకరి చట్రంలో సరిగ్గా కూర్చోవాలి గనుక ఇద్దరికీ రోజూ పని పడేది, పని నుంచి స్నేహం వచ్చింది. మతాలు వేరైనా "బావా" అంటే "బావా" అని పిలుచుకునేవారు. క్రిస్మసుకు ఈ ఇంటి కేకు ఆ ఇంటికి, రంజానుకు ఆ ఇంటి సేమ్యా ఈ ఇంటికి వెళ్ళేవి.

పెద్దాయన కొడుకు ఆటో కొనుక్కోవడానికి ఫైనాన్సులో అప్పు తీశాడు. హామీ సంతకం సాయిబుగారు పెట్టారు. రెండేళ్ళ క్రితం ఆ అబ్బాయి కంతులు కట్టలేక, ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు వెళ్ళిపోయాడు. వసూలుకు వచ్చినవారు హామీదారు గుమ్మం ఎక్కారు. సాయిబుగారు రెండు బర్రెలను అమ్మి 48,000 రూపాయలు కట్టారు. ఆ కోపంలో ఒక సాయంత్రం నడిబజారులో మా పెద్దాయనను పట్టుకొని నలుగురిలో నానామాటలు అన్నారు. పెద్దాయన ఇంటికి వచ్చి తలుపు వేసుకొని ఏడ్చాడు. తరువాత మా దగ్గరకు వచ్చి "బజార్లో నా పరువు తీశాడు అయ్యగారూ" అని చెప్పుకున్నాడు. బర్రెల సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. సిగ్గుపడి ఉంటాడు.

మేము ఒకవైపు మాటే విన్నాము. మన సంఘ పెద్ద గదా, మన మనిషి గదా అనుకున్నాము. మరుసటి ఆదివారం ప్రసంగపీఠం నుంచి, వీధిలో సాటిమనిషి పరువు తీసేవారిని గురించి గట్టిగా మాట్లాడాము. పేరు చెప్పలేదు, చెప్పనవసరం లేకపోయింది. ఆ మాట సాయంత్రానికల్లా ఆ కొట్టుకు చేరింది. అంతటితో ఆగలేదు. ఆయన దారిలో ఎదురుపడి బర్రెల సంగతి చెప్పబోతే, "హామీ ఉండవద్దని సామెతల గ్రంథం ఎప్పుడో హెచ్చరించింది, సంతకం పెట్టకముందే ఆలోచించుకోవలసింది" అన్నాము. గ్రంథంలో ఆ హెచ్చరిక ఉన్న మాట నిజమే. అయితే నష్టపోయినవాడి గాయం మీద దానిని అలా వాడడం న్యాయం కాదు. ఆయన ఏమీ అనలేదు. మేమే ముఖం చూపలేక ఆ కొట్టు ముందునుంచి పోవడం మానేసి, బజారుకు వెళ్ళాలంటే పక్క సందు గుండా తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాము. పది అడుగుల దారికి నూరు అడుగులు నడిచాము.

మంగళవారం ఆయన చిత్రిక పడుతున్నారు. మమ్మల్ని చూసి చెయ్యి ఆపలేదు. కొట్టు గోడకు మేకుకు తగిలించి ఒక పాత పలక ఉన్నది, అంచు కొంచెం పగిలింది. దానిమీద బలపంతో కర్ర ఖరీదులు, కూలి లెక్కలు రాసి ఉన్నాయి. పైన ఒక మూల, ఏ పేరూ లేకుండా, 48,000 అని ఒక్క అంకె ఉన్నది. కింద చెక్కపొట్టులో మూత పోయిన ఆకుపచ్చ ఫ్లాస్కు ఒకటి, మూతికి స్టీలు గ్లాసు బోర్లించి ఉన్నది.

"మందిరంలో బెంచీ కాలు విరిగింది సాయిబుగారూ" అన్నాము.

"ఏ బెంచీ?"

"మూడో వరుస, కిటికీ పక్కది."

చిత్రిక ఆగింది. "అది వేప. ఆ కాలు కలిసే చోట అప్పుడే కొంచెం సొట్ట ఉండె. తెచ్చిపెట్టండి, చూస్తా." మళ్ళీ పనిలో పడ్డారు. మేము లేవబోతుంటే తల ఎత్తకుండానే అడిగారు: "దగ్గు తగ్గిందా?"

ఎవరికి అని మేము అడగలేదు. "తగ్గుతుంది అంటున్నారు" అన్నాము. ఆ జవాబు మాకే చప్పగా వినిపించింది. అక్కడినుంచి తిన్నగా పెద్దాయన ఇంటికి పోవలసింది. ఒక పెండ్లి ఒప్పందానికి రమ్మని పక్క పల్లె నుంచి పిలుపు ఉంటే అటు వెళ్ళిపోయాము.

బుధవారం తెల్లవారుజామున పెద్దాయన భార్య ఫోను చేసింది. వెళ్ళేసరికి ఆయన మంచంమీద కూర్చొని, రెండు చేతులూ మంచపుకోడు మీద ఆనించి, గాలికోసం పెనుగులాడుతున్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. వీధి చివర ఆటో నడిపే అబ్బాయిని లేపాము. ఆసుపత్రి గేటు దగ్గర డబ్బు ఇవ్వబోతే "ఈ తాత నాకు పలక ఇచ్చిన తాత, నా దగ్గర తీసుకోమాక అన్నాడు మా నాయన" అని వెళ్ళిపోయాడు. ఆ మాట అతడు పసివాడుగా ఉన్నప్పటిదట. ఎప్పటి పలక, ఎప్పటి బాకీ!

డాక్టరుగారు ఆక్సిజను పెట్టించి, ఎక్స్‌రే తీయించి, "ఏం పని చేసేవారు?" అని అడిగారు. రాయి పని అని చెప్పగానే తల ఊపారు. రాయి కోసేటప్పుడు, చీల్చేటప్పుడు లేచే సన్నని దుమ్ములో సిలికా ఉంటుంది. కంటికి కనబడనంత సన్నని ఆ రేణువులు ఏళ్ళ తరబడి ఊపిరితిత్తులలో చేరి మచ్చలు కడతాయి. దానిని సిలికోసిస్ అంటారు. మచ్చకట్టిన ఊపిరితిత్తిని మళ్ళీ మునుపటిలా చేసే మందు లేదు. ఆయాసానికి, వచ్చిన జబ్బులకు మాత్రం వైద్యం చేయగలరు. ఇలాంటివారికి క్షయ కూడా త్వరగా సోకుతుంది గనుక కళ్ళె పరీక్ష చేయించాలన్నారు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే ఆ దుమ్ము ఆగదు. నీళ్ళు చల్లుతూ రాయి కోయడం, సరైన మాస్కు పెట్టుకోవడం కొంత కాపాడతాయి. మన సంఘాలలో రాతి పనికి, క్రషర్లకు పోయే తమ్ముళ్ళు ఎందరో ఉన్నారు. దగ్గును చులకనగా చూడవద్దని వారిని బతిమాలుతున్నాము.

రాత్రి పది గంటలకు ఆయనకు కొంచెం నిమ్మళించింది. పెద్దమ్మను తోడుంచి ఇంటికి వచ్చాము.

గురువారం ఉదయం ఆసుపత్రికి వెళ్ళేసరికి పెద్దమ్మ గ్లాసులో టీ పోస్తున్నది. "రాత్రి పదకొండింటికి ఎవరో వాచ్‌మన్ చేతికి టీ, రొట్టె ఇచ్చి పొయ్యారంట అయ్యగారూ. పేరు చెప్పలేదంట. మన సంఘం పిల్లోళ్ళే అయ్యుంటారు" అన్నది. మంచం పక్కన మూత పోయిన ఆకుపచ్చ ఫ్లాస్కు ఉన్నది, దానిమీద స్టీలు గ్లాసు. పెద్దాయన కూడా దానివైపే చూస్తున్నాడు. మా కళ్ళు కలిశాయి. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. మేము కూడా ఏమీ మాట్లాడలేకపోయాము.

ఆ సాయంత్రం పక్క పల్లెలో గృహకూడిక. ముందే అనుకున్న ప్రకారం యోబు స్నేహితులను గురించి మాట్లాడాలి. వారు ముగ్గురూ యోబు శ్రమను విని, తమ తమ ఊళ్ళనుంచి బయలుదేరి వచ్చి, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట కూడా పలుకలేదు. ఆ ఏడు దినాలు వారు మంచి స్నేహితులే. ఆ తరువాత నోరు తెరిచి, నీ తప్పు లేకుండా నీకిలా జరుగుతుందా అని వాదించడం మొదలుపెట్టారు. అక్కడినుంచే వారు చెడ్డ ఆదరణకర్తలయ్యారు. ఇంతవరకు చెప్పి మా గొంతు ఆగిపోయింది. రెండేళ్ళ క్రితం దారిలో నిలబెట్టి సామెతల గ్రంథం వినిపించిన మనిషి మా కళ్ళముందు మెదిలాడు. ఆయనకు ఏడు దినాలు కాదు, ఏడు నిమిషాలు కూడా మేము ఇవ్వలేదు. ప్రార్థన చేసి కూడిక ముగించాము. "ఇవాళ అయ్యగారు తొందరగా ముగించారు" అని ఆ ఇంటివారు సంతోషించారు గూడా.

రాత్రి భోజనం దగ్గర మా ఇంటావిడతో "మనం సాయిబుగారి విషయంలో తప్పు చేశాము" అన్నాము. ఆమె అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా అన్నది: "మనం అనకండి. నేను ఆ వీధినే పోతున్నాను. వాళ్ళావిడతో రోజూ మాట్లాడుతున్నాను. పక్క సందు పట్టింది మీరొక్కరే."

పాఠకులు క్షమించాలి. ఈ వ్యాసమంతా మేము, మేము అని వ్రాయడం మాకు అలవాటు. ఆ రాత్రి ఆ మాట వెనుక దాక్కునే చోటు లేకపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం సాయిబుగారు నమాజు ముగించుకొని వచ్చేవేళకు కొట్టు దగ్గర నిలబడ్డాము. బెంచీ అప్పటికే చేరింది. బోర్లా పడుకోబెట్టి విరిగిన కాలు ఊడదీశారు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి, "సాయంత్రానికి అవుతుంది" అన్నారు.

"బెంచీ కోసం రాలేదు. మీకు క్షమాపణ చెప్పుకోవాలని వచ్చాము" అన్నాము. ఏమేమి చెప్పాలో దారిలో వరుసగా అనుకొని వచ్చాము. అక్కడ ఆ వరుస గుర్తుకు రాలేదు. ఒకవైపు మాట విన్నామని, పీఠంమీద నుంచి అన్నామని, బర్రెల సంగతి తెలిసిన తరువాత కూడా రాలేదని, ఎలా వస్తే అలా చెప్పాము.

ఆయన పీటమీద కూర్చొని చాలాసేపు ఉలి అంచు బొటనవేలితో చూస్తూ ఉన్నారు. తరువాత అన్నారు: "నేను కూడా బజార్లో అట్టా అరిచి ఉండకూడదు. అది నా తప్పే. బర్రెలు పొయ్యాయి, మళ్ళీ కొనుక్కుంటా. మీరు గుళ్ళో అన్నారంటే, సరే, కోపంలో అన్నారనుకున్నా. కానీ అయ్యగారూ, మీరు నా కొట్టు ముందునుంచి పోకుండా ఆ సందులో తిరిగి పొయ్యేవాళ్ళు చూడండి, అది మాత్రం రోజూ కనబడేది. ఇక్కడ కూర్చుంటే ఆ సందు మొగ కనబడుద్ది."

తిరిగి చూశాము. నిజమే. ఆ పీటమీద కూర్చున్నవారికి సందు మొగ తిన్నగా కనబడుతుంది. రెండేళ్ళపాటు మమ్మల్ని ఎవరూ చూడలేదనుకున్నాము.

"పెద్దాయనను చూడడానికి వస్తారా?" అని అడిగాము.

"రాత్రి గేటు దాకా వచ్చా గదా. లోపలికి రమ్మనాల్సింది వాడు." కాసేపాగి గోడమీది పలకవైపు చూపించారు. "ఒక్కటి మాత్రం చెప్తున్నా. వాడికి బాగలేదని ఆ అంకె తుడిచెయ్యమని నన్ను అడగమాకండి. బాకీ బాకీయే, బావ బావే. రెండూ ఉంటాయి."

మేము నిజంగా అదే అడగబోతున్నాము. నోటిదాకా వచ్చిన మాటను మింగి ఊరుకున్నాము. ఇద్దరి మధ్య సమాధానం కలిగించడమంటే నష్టపోయినవాడినే ఇంకొంచెం నష్టపోమని అడగడం అనుకునే దురలవాటు మాబోటి వారికి ఉన్నది. జక్కయ్య కథ ఎన్నిసార్లు చెప్పి ఉంటాము! ప్రభువు అతని ఇంటికి వెళ్ళాడు. అయినా అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్యే లేచి నిలబడి చెప్పాడు. అతని దగ్గర నష్టపోయినవారిని మరచిపోండని ప్రభువు చెప్పలేదు.

శనివారం ఉదయం పెద్దాయనను ఇంటికి పంపించారు, మందులు, గాలి పీల్చే పంపు ఇచ్చి. మంచంమీద కూర్చోబెట్టిన తరువాత జరిగినదంతా చెప్పాము. ఆయన విని, తలకింద ఉన్న మూటలోనుంచి కొన్ని నోట్లు తీశాడు. "మా కోడలు పంపింది. వాడికి ఇంకా ముఖం చెల్లక ఆమె చేత పంపించాడు. నాలుగు వేలున్నాయి. ఆసుపత్రికి వాడుకోమంది. వీటిని బావకు ఇవ్వాల" అన్నాడు. మందులకో అని పెద్దమ్మ గొణిగింది. "మందులు సంఘం చూసుకుంటుంది పెద్దమ్మా" అని మాట ఇచ్చాము. ఇచ్చిన తరువాతనే పెట్టెలో ఎంత ఉన్నదో లెక్క చూసుకున్నాము.

"మేము తీసుకెళ్ళి ఇస్తాము" అంటే ఆయన ఒప్పుకోలేదు. "మీరు కాదు. ఆటో పిలవండి."

కొట్టు దగ్గర ఆటో ఆగింది. దిగలేక ఆయన ఆటోలోనే కూర్చొని, "బావా" అని పిలిచాడు. ఆ పిలుపు గట్టిగా రాలేదు, ఊపిరి చాలలేదు. అయినా లోపల చిత్రిక ఆగింది. సాయిబుగారు వచ్చి ఆటో కమ్మీ పట్టుకొని నిలబడ్డారు. ఇద్దరూ కాసేపు ఏమీ అనలేదు.

"రాత్రి టీలో చక్కెర ఎక్కువేశావు" అన్నాడు పెద్దాయన.

"నీకు చెప్పకుండా తెస్తే నువ్వు తాగుతావని నాకేం తెలుసు?"

పెద్దాయన నోట్లు చాచాడు. సాయిబుగారు తీసుకున్నారు. వద్దనలేదు, ఇప్పుడెందుకులే అనలేదు. వేలు తడిచేసుకొని ఒకసారి లెక్కపెట్టారు, మళ్ళీ ఇంకొకసారి లెక్కపెట్టారు. లోపలికి వెళ్ళి, పలకమీద ఆ మూల 48,000 ను తడిగుడ్డతో తుడిచి 44,000 అని దిద్దారు. బలపం గీత మాసిపోయినప్పుడల్లా రెండేళ్ళుగా ఆ అంకెను అలాగే దిద్దుతున్నారని పక్క కొట్టు అబ్బాయి తరువాత మాకు చెప్పాడు. ఆయన పలకను తెచ్చి ఆటోలో ఉన్న స్నేహితునికి చూపించారు. పెద్దాయన అంకె చదివి తల ఊపాడు. రెండేళ్ళ తరువాత ఆయన వీపు నిటారుగా ఉండడం ఆనాడు చూశాము. బాకీని ఊరికే మాఫీ చేసి ఉంటే ఆ వీపు అలా నిలిచేది కాదేమో.

తరువాత ముగ్గురమూ టీ తాగాము. చక్కెర తక్కువ వేయించారు.

ఆదివారం మళ్ళీ వచ్చింది. మూడవ వరుస బెంచీ తన చోట ఉన్నది. కొత్త కాలు మాత్రం తెల్లగా, రంగు కలవకుండా కనబడుతున్నది. పెద్దాయన నెమ్మదిగా నడిచి వచ్చి కూర్చున్నాడు. ప్రసంగానికి ముందు, రెండేళ్ళ క్రితం ఇదే పీఠం నుంచి ఒక మనిషి విషయంలో అన్యాయంగా మాట్లాడామని, ఆయన దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడిగామని సంఘం ఎదుట ఒప్పుకున్నాము. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి గదా. మందిరమంతా నిశ్శబ్దమయింది. పొగాకు గ్రేడింగు అవ్వ మాత్రం "మంచిదయ్యా" అన్నది, అందరికీ వినబడేటట్టు.

బెంచీకి కూలి ఎంత అని సాయిబుగారిని అడిగితే 600 రూపాయలు అన్నారు. ఇచ్చాము, లెక్కపెట్టి తీసుకున్నారు. పెద్దాయనకు ఆయాసం పూర్తిగా పోలేదు. పోదని కూడా తెలుసు. అంకె ఈమధ్య 41,000 కు వచ్చింది. కొడుకు ఇంకా ఊళ్ళోకి రాలేదు. అతని కొరకు ప్రార్థించండి. సాయంత్రాలు పెద్దాయన కొట్టు ముందు కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. లోపల చెక్క దుమ్ము కూడా ఆయనకు పడదని సాయిబుగారే బయట వేయించారు.

ప్రియులారా, బలిపీఠం దగ్గరకు అర్పణ తెచ్చినవాడు, తనమీద ఎవరికైనా విరోధమున్నదని జ్ఞాపకం వస్తే అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్ళి సమాధానపడాలని ప్రభువు నేర్పిన సంగతి మనందరికీ తెలుసు. మాకు జ్ఞాపకం లేక కాదు, జ్ఞాపకం రాకుండా ఉండడానికే పక్క సందులో నడిచాము. మీ ఊరిలో కూడా మీరు తప్పించుకొని నడిచే వీధి ఒకటి ఉన్నదేమో చూసుకోండి. ఒక అన్న ఇల్లు కావచ్చు, ఒక పొరుగువారి గుమ్మం కావచ్చు, ఒక కొట్టు కావచ్చు. ఈ వారం బజారుకు పోయేటప్పుడు ఆ వీధినే నడవండి. ఏమి మాట్లాడాలో తెలియకపోతే మాట్లాడవద్దు, ఒక గడియ వారి దగ్గర కూర్చోండి. ఇవ్వవలసినది ఉంటే ఎంతో కొంత చేత పట్టుకొని పోండి. అక్కడ కూర్చున్నవారికి సందు మొగ కనబడుతూనే ఉంటుంది.